ఒట్టు వేయించుకోకండి

బట్టలు వాషింగ్ మెషీన్లో వేసేముందు జేబులు తడిమి చూడటం అమ్మలకు అలవాటు. ఇంటర్ చదివే కొడుకు ప్యాంటు జేబులో చిల్లర, బస్సు టిక్కెట్టు, నాలుగు మడతలు పెట్టిన స్లిప్ టెస్టు పేపరు దొరుకుతుంటాయి. ఒకరోజు లైటరు దొరుకుతుంది. లేదంటే జేబు అడుగున కుట్ల మధ్య ఇరుక్కున్న గోధుమరంగు పొడి, వాసన చూస్తే ఖైనీ అని తెలిసిపోతుంది.

అమ్మ నాన్నకు ఫోన్ చేస్తుంది. నాన్న ఆఫీసు నుంచి పెందలాడే వచ్చేస్తాడు. వాడు ట్యూషన్ నుంచి వచ్చి చెప్పులు విప్పేలోపే హాల్లో పంచాయితీ సిద్ధం. టీపాయ్ మీద లైటరు. "ఏంట్రా ఇది?" "నాది కాదు, ఫ్రెండ్‌ది. ఉంచమని ఇచ్చాడు." నాయనమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడుతుంది. నాన్న చెయ్యి లేస్తుంది, అమ్మ అడ్డం పడుతుంది. చివరికి అమ్మ వాడి చెయ్యి లాగి తన నెత్తిమీద పెట్టుకుంటుంది. "నువ్వు తాగట్లేదని నా మీద ఒట్టేసి చెప్పు." వాడు ఒట్టేస్తాడు. వేయక ఏం చేస్తాడు?

నన్నడిగితే ఆ సాయంత్రం జరిగినవాటన్నిటిలో ఎక్కువ చెరుపు చేసింది ఆ ఒట్టే. కొట్టిన దెబ్బ నాలుగు రోజులకు మరుపున పడుతుంది. ఒట్టు అలా పోదు. రేపు వాడికే భయమేసి మానాలనుకున్నా, మానలేక ఎవరి సాయమైనా అడగాలనుకున్నా, ముందు అమ్మ మీద దొంగ ఒట్టు వేశానని ఒప్పుకోవాలి. అమ్మకు రెండు రోజులు జ్వరమొస్తే తనవల్లే వచ్చిందేమోనని లోలోపల వణికే వయసది. ఆ మాట చెప్పుకోవడం కంటే పిప్పరమెంటు బిళ్ల చప్పరించి, చొక్కాకు డియోడరెంటు కొట్టుకుని ఇంటికి రావడం వాడికి తేలిక. రెండు నెలలు పోయేసరికి ఆ పనిలో ఆరితేరతాడు.

కాబట్టి ఈ విషయంలో తల్లిదండ్రులకు నేను చెప్పే మొదటి మాట: ఒట్లు వద్దు, దేవుడి పటం ముందు ప్రమాణాలు వద్దు. మీ ఇంట్లో నిజం చెప్పడం అబద్ధం చెప్పడం కంటే కష్టంగా ఉన్నన్నాళ్లూ మీరు ఎన్ని జేబులు వెతికినా ఫలితం ఉండదు.

ఆ రోజు మాట్లాడకండి

లైటరు దొరికిన రోజు నోరు కట్టుకోండి. ఇది చెప్పినంత సులువు కాదని తెలుసు. కానీ ఆ పూట మీ నోట్లోంచి వచ్చేది కోపమో ఏడుపో తప్ప మరొకటి ఉండదు. ఒక రాత్రి గడవనివ్వండి. పదహారేళ్లవాడి ఊపిరితిత్తులకు ఒక్క రాత్రిలో వచ్చే కొత్త ప్రమాదమేమీ లేదు.

మర్నాడు మాట్లాడేది ఒక్కరే కావాలి. అమ్మా నాన్నా చెరోవైపు కూర్చుంటే అది విచారణ అవుతుంది. వాడికి ఎవరితో చనువు ఎక్కువో వాళ్లు మాట్లాడాలి. కొన్ని ఇళ్లలో అది నాన్న కాకపోవచ్చు, మేనమామ కావచ్చు. మన ఇళ్లలో మామకు ఉన్న వెసులుబాటు నాన్నకు ఉండదు. మామ సరదాగా ఎత్తిన మాటకు వాడు సరదాగానే జవాబిచ్చేస్తాడు. ఎదురెదురుగా కూర్చోబెట్టుకోవడం కంటే పక్కపక్కన ఉన్నప్పుడు ఎత్తుకోవడం మంచిది. రాత్రి ట్యూషన్ నుంచి బండి మీద తీసుకొచ్చేటప్పుడు అనుకోండి. నాన్నకు వాడి మొహం కనపడదు, వాడికి నాన్న మొహం కనపడదు.

"నీ జీన్సులో లైటరు ఉందటరా. అమ్మ తీసి పక్కన పెట్టింది."

వెనక నుంచి చప్పుడు ఉండదు.

"ఎవరిదని అడగను. నిన్నేం కొట్టను, తిట్టను. ఒక్కటి చెప్పు. మానాలని ఎప్పుడన్నా అనిపించిందా?"

సిగ్నల్ దాటాక వస్తుంది జవాబు. "రోజూ ఏం కాదు నాన్నా."

"సరే. వారానికి?"

"నాలుగైదు. ఎగ్జామ్స్ అప్పుడు కొంచెం ఎక్కువ."

ఆ "రోజూ ఏం కాదు" అన్నదాంట్లో వాడు మొత్తం ఒప్పేసుకున్నాడు. అక్కడ బండి ఆపి "అంటే తాగుతున్నావన్నమాట!" అని పట్టుకున్నారంటే ఇక వాడి నోటి నుంచి మరో మాట రాదు. నాలుగైదు అన్నదాన్ని ఏడెనిమిదిగా లెక్కేసుకోండి, పైకి మాత్రం అనకండి.

కొన్ని ప్రశ్నలు పనికొస్తాయి, కొన్ని రావు. "ఎందుకు తాగావు?" పనికిరాదు, ఎందుకంటే వాడికీ తెలియదు. "ఎవరు నేర్పారు?" ఇంకా చెడ్డది. స్నేహితుడి పేరు చెప్పమంటే ఆ వయసులో ప్రాణం పోయినా చెప్పడు, చెప్పినా మీరు వాళ్లింటి మీదకు పోతారని వాడికి తెలుసు. "ఏ టైములో బాగా కావాలనిపిస్తుంది?" అని అడిగితే మాత్రం చాలా సంగతులు బయటపడతాయి. కాలేజీ వదిలాక టీ కొట్టు దగ్గర, రాత్రి పదకొండుకు చదువుతూ చదువుతూ విసుగొచ్చినప్పుడు, అన్నం తిన్నాక. మానే రోజు వచ్చినప్పుడు ఈ జాబితాయే మీకు ఆధారం. మరొకటి కూడా అడగండి: పొద్దున లేచిన అరగంటలోపే కావాలనిపిస్తోందా? అవునంటే అలవాటు సరదా దశ దాటింది, డాక్టరు సాయం తీసుకోవాలి. కాదంటే ఇంట్లోనే చాలావరకు సర్దుకోవచ్చు.

వాడు మీకు చెప్పింది పెదనాన్నకో అత్తకో ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుకో చేరిందంటే అంతటితో సరి. "మా వాడు ఇలా చేస్తున్నాడమ్మా" అని ఎదురింటివాళ్ల దగ్గర బాధ చెప్పుకునే తల్లుల్ని నేను తప్పుపట్టను, కానీ ఆ మాట సాయంత్రానికల్లా వాడి చెవిన పడుతుంది.

ఇంత మెత్తగా ఉంటే నెత్తికెక్కుతారని అనేవాళ్లుంటారు. నేను చెప్పేది మెత్తదనం కాదు. ఇంట్లోగానీ మేడమీదగానీ బాత్‌రూములోగానీ తాగడానికి వీల్లేదు, చెల్లెలి ముందు అసలే వీల్లేదు, డబ్బుకు లెక్క చెప్పాలి. ఇవన్నీ గట్టిగానే చెప్పండి. గొంతు పెంచకుండా కూడా గట్టిగా చెప్పొచ్చు.

డబ్బంటే గుర్తొచ్చింది. ఇప్పుడు పిల్లలు చిల్లర పెద్దగా వాడటం లేదు, చాలావరకు ఫోన్‌పేలే. ఒకే టీ కొట్టుకు రోజుకు మూడుసార్లు ఇరవై, ఇరవై ఐదు పోతుంటే టీ ఒక్కటే తాగడం లేదని ఎవరికైనా అర్థమవుతుంది. అంతమాత్రాన వాడి ఫోను దొంగతనంగా చూడమని నేను చెప్పను. ఖాతా మీదైతే నెలాఖరున ఇద్దరూ కలిసి కూర్చుని చూసుకోండి. చూస్తారని వాడికి ముందే తెలిసి ఉండాలి. పాకెట్ మనీ పూర్తిగా ఆపేస్తే ఫ్రెండ్స్ దగ్గర అప్పు చేస్తాడు, అది ఇంకో తలనొప్పి.

ఆడపిల్ల విషయంలో ఇంటివాళ్లు రెట్టింపు గగ్గోలు పెడతారు. సిగరెట్టు కంటే పెళ్లి సంబంధాల గురించి ఎక్కువ మాట్లాడతారు. ఆ అమ్మాయికి అర్థమయ్యేదల్లా తన ఆరోగ్యం ఎవరికీ పట్టలేదని. ఊపిరితిత్తులకు ఆడా మగా తేడా లేదు, మాట్లాడే పద్ధతిలోనూ ఉండక్కర్లేదు.

"వెళ్లి రెండు సిగరెట్లు పట్రా"

చెడు సావాసం వల్ల పాడైపోయాడని అందరూ అంటారు. నిజానికి ఈ అలవాటు చెడ్డవాడి దగ్గర్నుంచి రావడం తక్కువ. పిల్లవాడు ఎవరిని చూసి ముచ్చటపడతాడో వాళ్ల దగ్గర్నుంచే వస్తుంది. 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం' నాటకంలోనే ఈ సంగతి ఉంది. ఇంగ్లీషు చదువు చెప్పాల్సిన గిరీశం దగ్గర వెంకటేశానికి చక్కగా అబ్బిన విద్య చుట్ట కాల్చడం. గిరీశం వాడికి రౌడీలా కనిపించలేదు, లోకం తెలిసిన దొరబాబులా కనిపించాడు. ఇవాళ ఆ చోటులో సీనియరున్నాడు, బుల్లెట్ బండి మీద వచ్చే కజినున్నాడు, సినిమా హీరో ఉన్నాడు. 2017లో 'అర్జున్ రెడ్డి' వచ్చినప్పుడు తెర కింద పొగాకు హెచ్చరిక పడుతూనే ఉంది, కుర్రాళ్లు చూసింది మాత్రం గడ్డాన్నీ సిగరెట్టునే. ఆ హెచ్చరిక అక్షరాలు ఎంత పెద్దవి వేసినా నాకు నమ్మకం లేదు. సినిమా అయ్యాక ఇంటికొస్తూ "ఆ సీన్లో సిగరెట్టు లేకపోతే ఏం తగ్గేదిరా?" అని మీరు అడిగే ప్రశ్న మీద కొంచెం ఉంది.

అసలు సంగతి ఇంకా ముందు మొదలవుతుంది. 2019లో దేశమంతటా బడి పిల్లల మీద చేసిన గ్లోబల్ యూత్ టొబాకో సర్వేలో 13 నుంచి 15 ఏళ్లవాళ్లలో 8.5 శాతం మంది అప్పటికి ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్టు తేలింది. దానికంటే నన్ను కలవరపెట్టింది ఇంకో లెక్క. ఎప్పుడైనా రుచి చూసిన పిల్లల్లో సిగరెట్టు తాగినవాళ్లలో 38 శాతం, బీడీ తాగినవాళ్లలో 47 శాతం, పొగ లేని పొగాకు వాడినవాళ్లలో 52 శాతం పదో పుట్టినరోజు రాకముందే మొదటిసారి ముట్టుకున్నారు. పదేళ్లలోపు అంటే మూడు, నాలుగు తరగతులు. మనం టీనేజీ వచ్చాక చెబుదాంలే అనుకునే పాఠానికి అప్పటికే ఆలస్యమైపోయింది.

అంత చిన్నవాడికి పొగాకు ఎక్కడ దొరుకుతుంది? చాలాసార్లు ఇంట్లోనే. "ఒరేయ్ చిన్నా, కొట్టుకెళ్లి రెండు సిగరెట్లు పట్రా, మిగతా చిల్లరకు చాక్లెట్ కొనుక్కో." ఈ మాట వినని వీధి మన ఊళ్లలో ఉందా? తాతకు బీడీ కట్ట, నాయనమ్మకు ముక్కుపొడి, బాబాయ్‌కి గుట్కా తేవడం పిల్లల పని. ఉత్తరాంధ్ర పల్లెల్లో ముసలమ్మలు నిప్పున్న వైపు నోట్లోకి పెట్టుకుని కాల్చే అడ్డపొగ చుట్టకు పొయ్యిలోంచి కొరివి పట్టుకొచ్చి అందించింది మనవలే. ఆ అడ్డపొగ అంగిట్లో క్యాన్సర్ పుట్టిస్తుందని డాక్టర్లు దశాబ్దాల కిందటే తేల్చారు. ఇంట్లో చిన్నవాళ్లెవరినీ పొగాకు కొనడానికి పంపకూడదన్నది నా దృష్టిలో అన్నిటికంటే తేలికైన, అన్నిటికంటే పనిచేసే నియమం. పద్దెనిమిదేళ్లలోపు వాళ్లకు అమ్మడాన్ని 2003 పొగాకు నియంత్రణ చట్టమే నిషేధించింది. 2015 బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ ఇంకా గట్టిది: పిల్లల చేతికి పొగాకు ఇస్తే ఏడేళ్ల దాకా కఠిన జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా.

నాన్నే తాగుతుంటే? ఇక్కడ చాలామంది నాన్నలు తల దించుకుంటారు, లేదా "నేను పెద్దవాణ్ణి, నా ఇష్టం" అంటారు. రెండూ అక్కర్లేదు. నలభై ఐదేళ్ల నాన్న "నాకు ఇది మానడం చేతకావడం లేదురా, నాలుగుసార్లు ప్రయత్నించా" అని కొడుకుతో చెప్పడం కంటే బలమైన హెచ్చరిక ఏ ప్యాకెట్ మీదా లేదు. ఇద్దరూ కలిసి ఒకే తారీఖున మానితే అంతకంటే కావాల్సింది లేదు. నాన్న ఓడిపోయి కొడుకు గెలిచినా నష్టమేం లేదు.

ఇంకో రకం ఇళ్లున్నాయి, పొగాకు మానమని చెప్పే రాతలు సాధారణంగా వాటి గురించి మాట్లాడవు. ఒంగోలు, కందుకూరు, పొదిలి, కనిగిరి వైపు బ్యారన్‌లో వేడికి ఆరబెట్టిన పొగాకు వేలం కేంద్రంలో అమ్ముడైతే తప్ప కాలేజీ ఫీజు కట్టలేని ఇళ్లు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు అమ్మ చేటలో తునికాకు, తంబాకు పెట్టుకుని పొద్దంతా బీడీలు చుడితే వచ్చిన డబ్బుతో పుస్తకాలు కొనుక్కునే ఇళ్లు. అక్కడ పిల్లవాడు తిరిగి అడుగుతాడు: "మనం అమ్మితే తప్పు లేదు, నేను తాగితే తప్పా?" ఈ ప్రశ్నకు కోప్పడకండి, న్యాయమైన ప్రశ్న. పంట గురించి సిగ్గుపడినట్టు నటించకండి కూడా. వాడికి తెలిసినదే గుర్తు చేయండి. మంచులో తడిసిన పచ్చాకు కోసిన రోజు తల తిరిగి వాంతులైన కూలీలను వాడు చూసే ఉంటాడు. చర్మం గుండా ఎక్కిన నికోటినే అంత పని చేస్తే ఊపిరితిత్తుల్లోకి నేరుగా పీలిస్తే ఏం చేస్తుందో వాడే చెప్పగలడు. బీడీ చుట్టే అమ్మకైతే ఆ పొడికి దగ్గే సాక్ష్యం.

పొట్లాలు, పెన్నులు

సిగరెట్టుకు వాసన ఉంది కాబట్టి దొరుకుతుంది. గుట్కా, ఖైనీ, జర్దా అంత తేలిగ్గా దొరకవు. గుట్కాను నిషేధించాక కంపెనీలు ఓ ఉపాయం కనిపెట్టాయి: పాన్ మసాలా ఒక పొట్లం, పొగాకు ఇంకో పొట్లం, రెండూ కలిపి నోట్లో వేసుకునేది మనం. పాన్ డబ్బా ముందు వేలాడే దండల్లో ఆ జంటలను మీరూ చూసే ఉంటారు.

పొగాకు లేని పాన్ మసాలా కదా, ఫర్వాలేదనుకునే తల్లిదండ్రులు చాలామంది. అందులోని వక్క ఒక్కటే చాలు నోరు పాడవడానికి. వక్కను ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలోనే చేర్చింది. వక్క నమిలేవాళ్లకు బుగ్గల లోపలి పొర క్రమంగా బిగిసిపోతుంది, నోరు తెరవడం తగ్గుతుంది. ఇంట్లోనే చూసుకోవచ్చు. వాడి మూడు వేళ్లు నిలువుగా ఒకదానిమీద ఒకటి పేర్చి, పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య పెట్టుకోమనండి. మూడూ పట్టాలి. రెండే పడుతుంటే, ఎప్పుడూ లేనిది ఆవకాయ తగిలితే నోరు మండుతోందంటుంటే, బుగ్గ లోపల తెల్లని మచ్చ కనిపిస్తే ఆ వారంలోనే పళ్ల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. బిగిసిన నోరు పూర్తిగా మునుపటిలా రావడం కష్టం, కానీ వెంటనే మానేస్తే ముదరకుండా ఆగే అవకాశం ఎక్కువ.

వేప్‌లను, అంటే ఈ-సిగరెట్లను, పెన్‌డ్రైవ్ అనో హైలైటర్ అనో పొరబడతారు. గదిలో మామిడిపండు, పుచ్చకాయ, పుదీనా వాసన వస్తుంటే ఒకసారి ఆలోచించండి. 2019లో వచ్చిన చట్టం వీటి తయారీని, దిగుమతిని, అమ్మకాన్ని, ప్రకటనలను నిషేధించింది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఆర్డరు పెడితే కొరియర్‌లో వస్తుందంటే అది దొంగసరుకే, లోపల ఏముందో అమ్మినవాడికీ తెలియదు. "అది ఆవిరే కదా" అంటాడు మీవాడు. చాలావాటిలో నికోటిన్ దండిగా ఉంటుంది, గొంతులో గరగర లేకుండా దిగుతుంది కాబట్టి ఎంత పీల్చాడో వాడికే లెక్క తెలియదు. హెర్బల్ సిగరెట్ల సంగతీ అంతే: ఏ ఆకు కాల్చినా తారు, కార్బన్ మోనాక్సైడ్ తప్పవు.

మానే వారం

పిల్లలు చెప్పే కారణాల్లో ఎక్కువసార్లు వినిపించేది "టెన్షన్ తగ్గుతుంది" అన్నది. అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే తగ్గినట్టుంటుంది. ఎలాగో మీరు వాడికి చెప్పగలగాలి. పొగ పీల్చిన పది, ఇరవై సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరి హాయి అనిపిస్తుంది. సుమారు రెండు గంటల్లో రక్తంలో అది సగానికి పడిపోతుంది. పడిపోతున్నప్పుడు చిరాకు, గాభరా, పుస్తకం మీద మనసు నిలవకపోవడం మొదలవుతాయి. వాడు దాన్ని పరీక్షల టెన్షన్ అనుకుంటాడు. ఇంకొకటి కాలిస్తే పోతుంది, ఎందుకంటే తెచ్చిపెట్టింది కూడా ముందు కాల్చిన సిగరెట్టే. ఫిజిక్సు చదివే పిల్లవాడికి ఇది గ్రాఫు గీసి చూపిస్తే ఇట్టే అర్థమవుతుంది. క్యాన్సర్ బొమ్మలకు లొంగని పిల్లలు "నన్ను మోసం చేస్తోందా ఇది?" అన్నదానికి లొంగుతారు. ముప్పై ఏళ్ల తర్వాత వచ్చే జబ్బు పదహారేళ్లవాడికి కథలాంటిది. నోటి వాసన, పచ్చబడ్డ పళ్లు, కబడ్డీలో ఊపిరి అందకపోవడం ఇవాళ్టి సంగతులు. వాటితో మాట్లాడండి.

మానే తారీఖు వాడే పెట్టుకోవాలి, రెండు వారాలు దాటకుండా మీరు చూడాలి. పరీక్షల వారం వద్దు. శుక్రవారం రాత్రి ఆఖరుది అనుకుంటే శని, ఆదివారాలు ఇంట్లో గడుస్తాయి. మొదటి రెండు మూడు రోజులే కష్టం. తర్వాత రెండు నుంచి నాలుగు వారాల్లో ఒంట్లోని తిప్పలు చాలావరకు సద్దుమణుగుతాయి. ఆ మూడు రోజులూ వాడు తలుపు దబ్బున వేస్తాడు, కంచం నెట్టేస్తాడు, చెల్లిని కసురుకుంటాడు. నిద్ర పట్టదు, ఆకలి ఎక్కువవుతుంది. ఇంట్లో అందరికీ ముందే చెప్పి ఉంచండి. ఆ వారం మార్కుల మాట, గది సర్దలేదన్న మాట పక్కన పెట్టండి.

తాగాలన్న కోరిక వచ్చినప్పుడు అలా ఉండిపోదు. కొద్ది నిమిషాల్లో ఎక్కి, దిగిపోతుంది. ఆ కాసేపు గడపడమే పని. చన్నీళ్లతో మొహం కడుక్కోవడం, మెట్లన్నీ ఎక్కి దిగడం, మామకు ఫోన్ చేయడం, ఏదైనా సరే. నోట్లో వేసుకోవడానికి సోంపు, లవంగం, వేయించిన పల్లీలు, కీరా ముక్కలు జేబులో, బ్యాగులో ఉంచండి. సిగరెట్టు మాన్పించబోయి వక్కపొడి, సుపారీ ప్యాకెట్లు అలవాటు చేసే ఇళ్లున్నాయి. పైన చెప్పింది చదివాక ఆ పని చేయరనుకుంటాను. వాడు చెప్పిన జాబితా ఇప్పుడు బయటికి తీయండి. కాలేజీ వదిలాక టీ కొట్టు అన్నాడు కదా, ఆ రెండు వారాలు ఆ టైముకు నాన్న బండితో గేటు దగ్గర ఉండాలి. రాత్రి పదకొండు అన్నాడు కదా, ఆ టైముకు అమ్మ ఒక గ్లాసు మజ్జిగ తీసుకుని గదిలోకి వెళ్లి పది నిమిషాలు కూర్చోవాలి. సిగరెట్టు ఊసెత్తకూడదు.

ఇంటి సాయం చాలనప్పుడు 1800-11-2356కు ఫోన్ చేయొచ్చు. పొగాకు ప్యాకెట్ల మీదే అచ్చువేసిన జాతీయ నంబరు, పైసా ఖర్చు లేదు, తెలుగులోనూ మాట్లాడతారు. మీరు చేసి ఇవ్వడం కాదు, వాడే చేయాలి, మీరు గదిలో ఉండకూడదు. దిగులు, ఆందోళన ఎక్కువగా కనిపిస్తుంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉంది. చాలా డెంటల్ కాలేజీల్లో పొగాకు మాన్పించే కేంద్రాలు నడుస్తున్నాయి. నికోటిన్ చూయింగ్ గమ్ మందుల షాపులో అడగ్గానే ఇస్తారు కదా అని పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకు మీరే కొనిపెట్టకండి, డాక్టరు చెబితేనే వాడాలి. "తెలియకుండా అన్నంలో కలిపి పెట్టండి, వారంలో మానేస్తారు" అని ఆటోల వెనకా గోడల మీదా కనిపించే పొడులుంటాయి. ఏం కలిపారో ఎవరికీ తెలియని పొడిని కన్నబిడ్డ అన్నంలో కలపడం ఒక తప్పు, ఆ సంగతి వాడికి తెలిసిన రోజున వాడు మీ చేతి ముద్ద నమ్మి తినకపోవడం దానికి దొరికే ఫలితం.

మళ్లీ కాలుస్తాడు. అందరూ కాదు, కానీ చాలామంది. ఫ్రెండ్ పుట్టినరోజు, ఫెయిలైన పేపరు, ప్రేమ గొడవ, ఏదో ఒకటి వస్తుంది. ఆ రోజు వాడు తనంతట తాను వచ్చి "నిన్న ఒకటి కాల్చాను" అని చెప్పాడంటే మీరు చేసిన పనంతా ఫలించినట్టే. "ఒకటేనా? మరి ఇవాళ?" అని అడగండి, అంతే. "ఇంతేనా నీ మాట విలువ" అని మాత్రం అనొద్దు. ఒకటి కాల్చినంత మాత్రాన మానిన మూడు వారాలు బూడిదవ్వవు. మళ్లీ తారీఖు పెట్టుకోవడమే. మానితే బైకు, ఫోను అని బేరాలు పెట్టే నాన్నలకు ఒక మాట: చిన్న సంబరం మంచిదే, కలిసి సినిమాకో బిర్యానీకో వెళ్లండి. పెద్ద బహుమతి పెడితే తాగినా చెప్పడు.

హాస్టల్లో చేర్పించబోతున్నారా? పదో తరగతి దాకా ఇంట్లో నిక్షేపంలా ఉన్న పిల్లలు ఇంటర్ మొదటి సంవత్సరంలో మొదలుపెట్టడం ఎక్కువగా చూస్తుంటాం. చేర్చేముందు ఫీజు, ర్యాంకులు, మెస్సు అడిగినట్టే గేటు బయట ఏముందో కూడా నడిచి చూడండి. విద్యాసంస్థకు వంద గజాల లోపల పొగాకు అమ్మకూడదు; బడి పరిధి తెలిసేలా పసుపు గీత గీయమన్న మార్గదర్శకాలూ ఉన్నాయి. గీత లేదు, డబ్బా ఉంది అంటే నలుగురు తల్లిదండ్రులు కలిసి ప్రిన్సిపల్‌ను రాతపూర్వకంగా అడగండి, కదలకపోతే పోలీస్ స్టేషన్లో ఇవ్వండి. ఒక్కరే వెళితే మీ పిల్లవాడి పేరు బయటికొస్తుంది, అందుకే నలుగురు అన్నాను. ఇక నెలకోసారి అవుటింగ్ ఆదివారాలుంటాయి. ఊరు దూరమైనా, బస్సులో నాలుగు గంటలైనా, మొదటి ఆరు నెలల అవుటింగ్‌లకు ఇంట్లోంచి ఒకరు వెళ్లేలా చూసుకోండి. భోజనానికి బయటికి తీసుకెళ్లండి, వాడి రూమ్మేట్లను కూడా రమ్మనండి. ఎవరు ఎవరితో ఎలా ఉంటున్నారో ఆ టేబుల్ దగ్గర మీరు అడక్కుండానే సగం తెలుస్తుంది. మిగతా సగం తిరుగు బస్సు కోసం స్టాండులో వాడితో నిలబడ్డప్పుడు అడగండి.